ఇద్దరు మేటివాళ్ళు కలిస్తే మేటి జోడీ అవుతుందా?

విద్యార్థులారా! ముందుగా మీకొక చిక్కు ప్రశ్న. ఒక జట్టువాళ్ళు ఒంటరి ఆటల్లో ఎదుటి జట్టును చిత్తుగా ఓడించారు. అదే జట్టువాళ్ళు, అదే మైదానంలో, అదే ఎదుటివాళ్ళతో ఇద్దరిద్దరుగా కలిసి ఆడినప్పుడు చిత్తుగా ఓడిపోయారు. కారణం ఏమై ఉంటుంది?

ఇది నేను కల్పించిన లెక్క కాదు. 2025 సెప్టెంబరులో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని బెత్‌పేజ్ మైదానంలో జరిగిన రైడర్ కప్ గోల్ఫ్ పోటీల ఫలితం. మొదటి రెండు రోజులూ 16 జోడీ ఆటలు జరిగాయి. వాటిలో యూరప్ జట్టుకు 11½ పాయింట్లు, అమెరికా జట్టుకు 4½ పాయింట్లు వచ్చాయి. మూడో రోజు 12 ఒంటరి ఆటలు. వాటిలో అమెరికాకు 8½, యూరప్‌కు 3½. మొత్తం కలిపితే 15–13. కప్పు యూరప్‌దే అయింది.

మూడో రోజు ఒక ఆటగాడికి గాయమై ఒక ఆట జరగలేదు, చెరి అర పాయింటు పంచారు. అంత ఆధిక్యం ఉన్న జట్టు మూడో రోజు కాస్త సడలి ఉండవచ్చు కూడా. ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నా ఒక ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుంది. విడివిడిగా బలమైనవాళ్ళను ఇద్దరేసి కలిపితే బలమైన జోడీలు ఎందుకు కాలేదు?

గోల్ఫ్ మనలో చాలామంది ఆడే ఆట కాదు. కానీ ఈ ప్రశ్న గోల్ఫ్‌కు మాత్రమే చెందింది కాదు. మీ తరగతి గదికి, మీ ప్రయోగశాలకు కూడా చెందింది. అందుకే ఈ నెల దీన్ని గురించి మీతో మాట్లాడదలచాను.

ఆట ఏమిటి?

గోల్ఫ్‌లో విశాలమైన పచ్చిక మైదానంలో దూరదూరంగా 18 గుంతలు ఉంటాయి. చిన్న బంతిని కర్రతో కొడుతూ, వీలైనన్ని తక్కువ దెబ్బల్లో గుంతలో వేయాలి. రైడర్ కప్‌లో మొత్తం దెబ్బలు కూడరు. ఏ గుంత దగ్గర ఎవరు తక్కువ దెబ్బలు కొడితే ఆ గుంత వాళ్ళది. ఎక్కువ గుంతలు గెలిచినవారికి ఒక పాయింటు. సమానమైతే చెరి అర.

ఈ పోటీలు 1927లో మొదలయ్యాయి. కప్పు ఇచ్చిన శామ్యూల్ రైడర్ ఇంగ్లండులో విత్తనాల వ్యాపారి. చిన్నచిన్న పొట్లాల్లో విత్తనాలు కట్టి తపాలాలో అమ్మి ధనవంతుడైన మనిషి. మొదట బ్రిటన్‌కు, అమెరికాకు మధ్య జరిగిన ఈ పోటీ 1979 నుంచి యూరప్‌కు, అమెరికాకు మధ్య జరుగుతోంది. ఒక్కో జట్టులో 12 మంది. మామూలుగా ఏడాది పొడవునా ఎవరి కోసం వారు ఆడుకునే ఆటగాళ్ళు, రెండేళ్ళకోసారి మూడు రోజులపాటు పక్కవాడితో కలిసి ఆడాలి. అక్కడే చిక్కంతా వస్తుంది.

శ్రేణి, సమాంతరం

జోడీ ఆటలు రెండు రకాలు. ఒకదాని పేరు ఫోర్‌బాల్. ఇందులో జోడీలో ఇద్దరూ ఎవరి బంతి వారు ఆడతారు. ఇద్దరిలో ఎవరి ఫలితం మెరుగైతే అదే లెక్కకు వస్తుంది. రెండోది ఫోర్‌సమ్స్. ఇందులో ఇద్దరికీ కలిపి ఒకటే బంతి. ఒక దెబ్బ ఒకరు, తరువాతి దెబ్బ రెండోవారు, అలా వంతులవారీగా కొట్టాలి.

మీరు విద్యుత్తు పాఠంలో బల్బుల్ని రెండు విధాలుగా కలపడం చదువుకున్నారు కదా! సమాంతర సంధానంలో ఒక బల్బు మాడిపోయినా రెండోది వెలుగుతూనే ఉంటుంది. శ్రేణి సంధానంలో ఒకటి మాడితే రెండూ ఆరిపోతాయి. ఫోర్‌బాల్ సమాంతర సంధానం లాంటిది. ఫోర్‌సమ్స్ శ్రేణి సంధానం లాంటిది.

చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక ఆటగాడు ప్రతి 16 గుంతల్లో 4 చోట్ల చాలా చక్కగా ఆడతాడని అనుకుందాం. అతనికి అంతే నేర్పున్న జోడీని ఇచ్చాం. ఇద్దరూ సరిగ్గా అవే 4 గుంతల దగ్గర బాగా ఆడితే, ఫోర్‌బాల్‌లో ఆ జోడీకి దక్కేవి 4 మాత్రమే. రెండోవాడు ఉన్నా లేనట్లే. ఒకరి ఆటకు మరొకరి ఆటతో సంబంధం లేకపోతే సంభావ్యత సూత్రం ప్రకారం సగటున 7 దక్కుతాయి. ఒకరు తప్పిన చోటనే రెండోవారు బాగా ఆడేవారైతే 8 దక్కుతాయి. నేర్పు ఏమీ మారలేదు. కలిపిన తీరు మారింది, ఫలితం రెట్టింపయింది.

ఇప్పుడు ఫోర్‌సమ్స్ చూద్దాం. ఒక గుంతకు నాలుగు దెబ్బలు కావాలి, నాలుగూ సరిగా పడాలి. ఇద్దరూ పదికి తొమ్మిది దెబ్బలు సరిగా కొట్టేవారే అనుకుంటే, నాలుగూ సరిగా పడే అవకాశం నూటికి దాదాపు 66. ఒకరు పదికి ఏడు మాత్రమే సరిగా కొట్టేవారైతే అది నూటికి 40కి పడిపోతుంది. ఫోర్‌బాల్‌లో ఒకరి తప్పును రెండోవారు కప్పివేయగలరు. ఫోర్‌సమ్స్‌లో ఒకరి తప్పును రెండోవారు మోయవలసి వస్తుంది. గడ్డి దుబ్బుల్లో పడిన బంతిని బయటికి తీయవలసింది దాన్ని అక్కడికి కొట్టినవాడు కాదు, అతని జోడీ!

రైతు కాడికి ఎడ్లను ఎంచేటప్పుడు ఏం చూస్తాడో మీలో చాలామందికి తెలుసు. రెండూ బలమైనవైతే చాలదు, నడక కలవాలి. ఒకటి ముందుకు దూకి, ఒకటి వెనక్కు లాగితే చాలు వంకర పోతుంది. ఫోర్‌సమ్స్ అచ్చంగా కాడి కింద నడక.

ఎన్ని జోడీలు?

12 మందిలో ఇద్దరేసి చొప్పున 66 జోడీలు కట్టవచ్చు. ఒక పూటకు 8 మంది, అంటే 4 జోడీలు ఆడతాయి. 12 మందిలో 8 మందిని ఎంచే పద్ధతులు 495. ఆ 8 మందిని 4 జోడీలు చేసే పద్ధతులు 105. రెండూ గుణించి చూడండి, 51,975! ఒక్క పూట ఆటకు కెప్టెన్ ముందున్న దారులు ఇన్ని.

పైగా రైడర్ కప్‌లో ఏ కెప్టెన్ తన జోడీల జాబితాను ఆ కెప్టెన్ విడిగా రాసి ఇస్తాడు. ఎదుటివాడు ఎవరిని దించుతున్నాడో తెలియకుండానే ఇవ్వాలి. ప్రెసిడెంట్స్ కప్ అని ఇలాంటిదే మరో పోటీ ఉంది. అమెరికాకు, యూరప్ మినహా మిగతా ప్రపంచానికి మధ్య జరుగుతుంది. మన దేశపు అనిర్బన్ లాహిరి 2015లో అందులో ఆడాడు. ఆ పోటీలో కెప్టెన్లు ఎదురెదురుగా కూర్చుని వంతులవారీగా జోడీల పేర్లు చెబుతారు. అది చదరంగం లాంటిది, ఎదుటి ఎత్తు చూసి మన ఎత్తు వేయవచ్చు. రైడర్ కప్‌లో ఆ వీలు లేదు. కనుక ఎదుటివాడి గురించి ఊహించడం కంటే తన వాళ్ళను తాను బాగా ఎరిగి ఉండటమే కెప్టెన్‌కు ముఖ్యం.

ఒకే ఒరలో రెండు కత్తులా?

2004లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ఓక్‌లాండ్ హిల్స్‌లో పోటీలు జరిగాయి. అమెరికా కెప్టెన్ హాల్ సటన్ తన జట్టులోని ఇద్దరు మహా ఆటగాళ్ళను, టైగర్ వుడ్స్‌ను, ఫిల్ మికెల్సన్‌ను ఒక జోడీగా దించాడు. ప్రపంచంలో ఏ జోడీ వీరి ముందు నిలుస్తుందని అనుకున్నారు. మొదటి రోజు ఉదయం ఫోర్‌బాల్‌లో ఓడిపోయారు. మధ్యాహ్నం ఫోర్‌సమ్స్‌లోనూ ఓడిపోయారు. చివరకు యూరప్ 18½–9½ తేడాతో గెలిచింది.

దీన్ని గురించి అందరూ చెప్పే మాట ఒకటే: ఇద్దరికీ పడదు, ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఈ మాటతో నేను తృప్తి పడలేను. ఎందుకో చెబుతాను. వాళ్ళు గెలిచి ఉంటే ఏమనేవారం? 'సింహానికి సింహం తోడైంది' అనేవారం. ఓడితే ఒక సామెత, గెలిస్తే మరో సామెత సిద్ధంగా ఉంటాయి. ఏ ఫలితం వచ్చినా సరిపోయే వివరణ, ముందుగా దేన్నీ చెప్పలేదు. సైన్సు చదువుకునేవాళ్ళు అలాంటి వివరణను చూసి కాస్త జాగ్రత్త పడాలి.

వివరాల్లోకి వెళితే వేరే సంగతులు కనిపిస్తాయి. తమను జోడీగా దించుతున్నారని రెండు రోజుల ముందే తమకు తెలిసిందని, వుడ్స్ వాడే బంతికి అలవాటు పడటానికి సమయం చాలలేదని మికెల్సన్ 2016లో విలేఖరులతో అన్నాడు. ఒక్కో కంపెనీ బంతి ఒక్కో తీరున ఎగురుతుంది, తిరుగుతుంది. ఒకే బంతితో ఆడే ఫోర్‌సమ్స్‌లో ఇది చిన్న విషయం కాదు. అంటే ఇక్కడ మనసులు కలవకపోవడమే కాదు, తయారీకి వ్యవధి లేకపోవడం కూడా ఉంది.

మరునాడు ఉదయం వుడ్స్‌కు క్రిస్ రైలీ జోడీ అయ్యాడు. రైలీ రైడర్ కప్‌కు కొత్తవాడు, కానీ కుర్రతనం నుంచి వుడ్స్‌తో ఆడినవాడు. ఫోర్‌బాల్‌లో ఈ ఇద్దరూ ఇంకా 3 గుంతలు మిగిలి ఉండగానే 4 గుంతల ఆధిక్యంతో గెలిచారు. చూశారా, స్నేహం గెలిపించింది అనబోతున్నారా? ఆగండి. ఆ మధ్యాహ్నమే వుడ్స్ తన మిత్రుడు డేవిస్ లవ్‌తో కలిసి ఫోర్‌సమ్స్ ఆడి అంతే తేడాతో ఓడిపోయాడు. ఒకటి రెండు ఆటలు చూసి సూత్రం కట్టేయడం ఎంత తొందరపాటో తెలిసిందా?

ఎక్కువ ఆటలు ఆడిన జోడీని చూడటం మేలు. స్పెయిన్ దేశస్థులు సెవె బాలెస్టెరోస్, హోసె మరియా ఒలజాబల్ 1987 నుంచి 1993 వరకు 15 జోడీ ఆటలు కలిసి ఆడారు. 11 గెలిచారు, 2 సమం చేశారు, రెండే ఓడారు. రైడర్ కప్‌లో ఇంతకు మించిన జోడీ లేదు. మొదటిసారి కలిసి ఆడినప్పుడు బాలెస్టెరోస్‌కు 30 ఏళ్ళు, ఒలజాబల్‌కు 21. ఒకరు అప్పటికే పెద్ద పేరున్న ఆటగాడు, మరొకరు కొత్తవాడు. ఒకే భాష, ఒకే దేశం. నేర్పులో ఎక్కువ తక్కువలు ఉన్నా అంతరం మరీ పెద్దది కాదు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి. దాన్ని గురించి శాస్త్రజ్ఞులు ఏమన్నారో చూద్దాం.

తాడు లాగినవాళ్ళు, బరువు ఎత్తినవాళ్ళు

ఫ్రాన్సు దేశపు వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్‌మన్ మనుషులు తాడు లాగే బలాన్ని కొలిచి 1913లో ఫలితాలు ప్రచురించాడు. ఒక్కడే లాగినప్పటి కంటే నలుగురితో కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి బలం తగ్గింది. ఎనిమిదిమంది కలిస్తే ఒక్కొక్కరి వాటా సుమారు సగానికి దిగింది. అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం ఒక కారణం. మరో కారణం ఉందా? 1974లో అమెరికాలో పరిశోధకులు ఒక ఉపాయం చేశారు. మనిషి కళ్ళకు గంతలు కట్టి, వెనక ఇంకా కొందరు లాగుతున్నారని నమ్మించారు. నిజానికి వెనక ఎవరూ లాగడం లేదు. అయినా అతను లాగే బలం తగ్గింది! 'మిగతావాళ్ళు ఉన్నారులే' అనే భావమే చేతి పట్టును సడలించిందన్నమాట.

అయితే కలిసి పనిచేస్తే ఎప్పుడూ నష్టమేనా? కాదు. 1920ల్లో జర్మనీలో ఒట్టో కోలర్ అనే శాస్త్రజ్ఞుడు పడవ పందేల క్రీడాకారుల చేత బరువులు ఎత్తించాడు. మొదట ఒంటరిగా, తరువాత ఇద్దరు కలిసి ఒకే కడ్డీని పట్టుకుని. ఒకరు ఆగితే రెండోవారు కొనసాగించలేని ఏర్పాటు అది. అప్పుడు ఇద్దరిలో బలహీనుడు, ఒంటరిగా ఎత్తినప్పటి కంటే ఎక్కువసేపు నిలబడ్డాడు! తన వల్ల జోడీ ఓడిపోకూడదన్న పట్టుదల అతన్ని నిలబెట్టింది. ఈ లాభం ఎప్పుడు ఎక్కువగా కనిపించిందంటే, ఇద్దరి బలాల మధ్య అంతరం మధ్యస్థంగా ఉన్నప్పుడు. ఇద్దరూ సరిసమానులైతే లాభం తక్కువ. అంతరం మరీ ఎక్కువైతే బలహీనుడు ఆశ వదులుకుంటాడు, లాభం మళ్ళీ తక్కువే.

ఈ రెండు ప్రయోగాలనూ పక్కపక్కన పెట్టండి. నా వంతు కనబడని చోట నేను సడలిపోతాను. నా వంతు లేనిదే పని జరగని చోట నేను నా శక్తికి మించి చేస్తాను. రైడర్ కప్‌లో కెప్టెన్ చేయవలసిన పని ఇదే: ప్రతి ఆటగాడికీ తన వంతు తనకు కనబడేట్లు చేయడం.

2008లో అమెరికా కెప్టెన్ పాల్ ఎజింగర్ ఆ పనే చేశాడని నా అభిప్రాయం. అప్పటికి అమెరికా వరసగా మూడుసార్లు ఓడింది. మోకాలి శస్త్రచికిత్స వల్ల వుడ్స్ కూడా లేడు. ఎజింగర్ తన 12 మందిని స్వభావాలను బట్టి నలుగురేసి చొప్పున మూడు చిన్న బృందాలు చేశాడు. సాధన ఆ నలుగురే కలిసి చేయాలి, జోడీలు ఆ నలుగురిలోంచే రావాలి. పన్నెండుమందిలో దాక్కోవచ్చు కానీ నలుగురిలో దాక్కోలేం. అమెరికా 16½–11½ తేడాతో గెలిచింది. ఒక్క విజయం రుజువు కాదు, రెండేళ్ళ తరువాత కప్పు మళ్ళీ యూరప్‌కే పోయింది. కానీ ఆలోచించదగిన పద్ధతి.

దీనికి భిన్నమైనది 1999లో జరిగింది. అమెరికాలోని బ్రూక్‌లైన్‌లో యూరప్ కెప్టెన్ మార్క్ జేమ్స్ తన ముగ్గురు కొత్త ఆటగాళ్ళను రెండు రోజులూ ఒక్క ఆటకూ దించలేదు. బాగా ఆడుతున్న జోడీలనే మళ్ళీ మళ్ళీ దించాడు. రెండు రోజులయ్యేసరికి 10–6 ఆధిక్యం. పద్ధతి ఫలించినట్లే కనిపించింది. మూడో రోజు అందరూ ఆడక తప్పదు. ఆ ముగ్గురూ ఓడిపోయారు. మొత్తం మీద అమెరికా 14½–13½ తేడాతో కప్పు ఎత్తుకుపోయింది. ఆ ముగ్గురికీ ఎదురుపడ్డవాళ్ళు వుడ్స్, మికెల్సన్, లవ్ వంటివారు కనుక తప్పంతా కూర్చోబెట్టడానిదే అనలేం. కానీ రెండు రోజులు పక్కన కూర్చున్నవాడు మూడో రోజు ఒక్కసారిగా వీరుడు కావాలని ఆశించడం న్యాయమా?

మన ప్రయోగశాలలో

ఇంతకూ ఈ గోల్ఫ్ కథ మనకెందుకు? మన బడుల్లో సైన్సు ప్రయోగాలు చాలాచోట్ల ఇద్దరిద్దరి చేత, లేదా గుంపుల చేత చేయిస్తారు. పరికరాలు చాలవు కనుక తప్పదు. జోడీలు ఎలా కడుతున్నాం? చాలాసార్లు హాజరుపట్టీ వరసను బట్టి. లేదా మార్కులు బాగా వచ్చేవాళ్ళు వాళ్ళలో వాళ్ళు, మిగిలినవాళ్ళు మిగిలినవాళ్ళతో. లేదా ఒక చురుకైన పిల్లవాడికి ఐదుగురిని అప్పగించడం. ఈ చివరి పద్ధతిలో ఏమవుతుందో మీకూ తెలుసు. కటకాన్ని కదిపేదీ, తెరను జరిపేదీ, కొలిచేదీ ఒక్కరే. మిగతావాళ్ళు నోటుపుస్తకం పట్టుకుని అంకెలు రాసుకుంటారు. రికార్డులో అందరి ఫలితమూ ఒకటే, అందరికీ మార్కులే. కానీ కటకాన్ని చేత్తో పట్టుకోకుండానే పదో తరగతి దాటిపోయే పిల్లలు వీళ్ళే. తాడు వెనక వరసలో నిలబడ్డవాళ్ళన్నమాట. ఇందులో వాళ్ళ బద్ధకం కంటే మన ఏర్పాటు లోపమే ఎక్కువ.

కనుక నా సూచన ఇది. జోడీ కట్టేముందు ఎవరు ఎంత తెలివైనవారు అని కాక, పని ఏ రకం అని అడగాలి. వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవడం సమాంతరం పని. ఇద్దరూ విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా కొలిచి తరువాత పోల్చుకోవాలి. తేడా వస్తే మళ్ళీ కొలవాలి. అక్కడ వేరువేరు చూపు ఉన్నవాళ్ళు కలవడం మంచిది. లోలకం డోలనాలు లెక్కపెట్టడం శ్రేణి పని. ఒకరు లెక్కించాలి, ఒకరు గడియారం నొక్కాలి. అక్కడ నడక కలిసినవాళ్ళు కావాలి, సగం ప్రయోగం అయ్యాక పనులు మార్చుకోవాలి. నేర్పులో అంతరం కొద్దిగా ఉండవచ్చు, కొండంత ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఏ ఒక్కరినీ ఏడాదంతా పక్కన కూర్చోబెట్టకూడదు. మార్చి నెల పరీక్షలో అందరూ ఒంటరి ఆటే ఆడాలి కదా!

నా మాట నమ్మనక్కరలేదు, మీరే చేసి చూడండి. లీటరు నీళ్ళ సీసాను చెయ్యి చాచి భుజం ఎత్తున ఎంతసేపు పట్టుకోగలరో ఒక్కొక్కరికీ కొలవండి. మరో రోజు ఇద్దరిద్దరుగా నిలబడండి. ఎవరి చెయ్యి ముందు దిగితే అక్కడితో జోడీ సమయం ముగిసినట్లు. అలసట వల్ల, అలవాటు వల్ల లెక్క తప్పకుండా సగంమంది ముందు ఒంటరిగా, సగంమంది ముందు జోడీగా చేయండి. నొప్పి అనిపిస్తే వెంటనే దించేయండి, ఇది పంతాల పోటీ కాదు. బలహీనులు జోడీలో ఎక్కువసేపు నిలిచారా? ఏ అంతరం ఉన్న జోడీలో ఎక్కువ లాభం కనిపించింది? కోలర్ చెప్పినట్లే వస్తుందో, రాదో చూసి పట్టిక వేయండి. రాకపోతే ఎందుకు రాలేదో మీ మాస్టారితో చర్చించండి.